క్రియ దొరికితే వాక్యం చిక్కినట్టే

పోటీ పరీక్షల్లో తరచూ ఎదురయ్యే తరహా వాక్యం ఒకటి చూడండి. 'ది లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్ హ్యావ్ బీన్ డిస్‌ప్లేడ్ ఆన్ ది నోటీస్ బోర్డ్.' ఇందులో తప్పు ఎక్కడుందో చెప్పాలి. హడావుడిగా చదివితే తప్పే కనిపించదు. క్యాండిడేట్స్ బహువచనం, పక్కనే హ్యావ్ ఉంది, చెవికి బాగానే ఉంది. 'నో ఎర్రర్' పెట్టేసి ముందుకు వెళ్ళిపోతాం. రావాల్సిన మార్కు రాదు, పైగా నెగెటివ్ మార్కు పడుతుంది.

దీన్ని సాధించడానికి లావుపాటి గ్రామర్ పుస్తకం అక్కర్లేదు. రెండు ప్రశ్నలు చాలు. ఈ వాక్యంలో అసలు క్రియ ఏది? ఆ క్రియ దేని గురించి చెబుతోంది? నోటీసు బోర్డులో పెట్టింది జాబితాను. అభ్యర్థులను ఎవరూ బోర్డుకి అంటించరు కదా! లిస్ట్ ఒక్కటే కాబట్టి 'హ్యాజ్ బీన్ డిస్‌ప్లేడ్' అనాలి. అంతే.

డిగ్రీ, బీటెక్ చదివి ఉద్యోగాల వేటలో ఉన్న మన పిల్లల్లో ఎంతోమంది నోట వినిపించే మాట "నాకు ఇంగ్లిష్ రాదండీ" అని. అది తమ మీద తామే రాసుకున్న తీర్పు. నిజానికి ఆ మాట అనేవాళ్ళకు వేలకొద్దీ ఇంగ్లిష్ పదాలు తెలుసు. సినిమా అర్థమవుతుంది, టెక్స్ట్‌బుక్ అర్థమవుతుంది. వాక్యం కట్టాల్సి వచ్చినప్పుడు, పొడుగాటి వాక్యాన్ని విప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం తడబడతారు. ఆ తడబాటులో చాలా భాగం ఒక్కచోటే ఉంది. అది క్రియ. దాన్ని పట్టుకునే ఉపాయం మనం పదో తరగతి తెలుగు వాచకంలోనే చదువుకున్నాం. అదే ఇక్కడ పనికొస్తుందని మనకెవరూ చెప్పలేదు.

ఒక్క మార్కు సంగతి కాదు

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ టయర్-1లో 100 ప్రశ్నలుంటే, వాటిలో 25 ఇంగ్లిష్‌వే. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు. తప్పు పెడితే అర మార్కు కోత. ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 30 ఇంగ్లిష్ ప్రశ్నలకు ఇచ్చే సమయం 20 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 40 సెకన్లు. అంత తక్కువ వ్యవధిలో గ్రామర్ రూల్స్ అన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుని సరిచూసుకోవడం కుదరని పని. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్ళే నెగ్గుతారు. మన రెండు రాష్ట్రాల గ్రూప్-1 మెయిన్స్‌లోనూ ఇంగ్లిష్ పేపర్ అర్హత పరీక్ష. దాని మార్కులు ర్యాంకుకి కలవవు గానీ, అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

పరీక్షల తర్వాత కూడా ఇది వదలదు. ఇంటర్వ్యూలో పరిచయం చేసుకోవాలన్నా, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాలన్నా, ఉద్యోగంలో చేరాక క్లయింటుకి రెండు లైన్లు రాయాలన్నా వాక్యం నిలబడాల్సింది క్రియ మీదే. ఇప్పుడు మెయిల్ దిద్దిపెట్టే యాప్‌లు చాలానే వచ్చాయి. మంచిదే, వాడుకోండి. కానీ పరీక్ష హాల్లోకీ, ఇంటర్వ్యూ గదిలోకీ అవి మన వెంట రావు.

'పని తెలిపేది క్రియ' అన్నది సగం నిజమే

చిన్నప్పుడు మనందరికీ నేర్పిన నిర్వచనం ఇది: పనిని తెలిపే మాట వెర్బ్. ఐదో తరగతికి అది చాలు. పోటీ పరీక్షకి చాలదు. ఈ వాక్యం చూడండి. 'స్విమ్మింగ్ ఈజ్ ఎ గుడ్ ఎక్సర్‌సైజ్.' ఇందులో పనిలా కనిపించేవి రెండు మాటలు, స్విమ్మింగ్, ఎక్సర్‌సైజ్. ఆ రెండూ ఇక్కడ క్రియలు కావు. క్రియ 'ఈజ్'. దానిలో పనీ పాటా ఏమీ లేదు. అయినా వాక్యాన్ని నిలబెట్టింది అదే.

ఇంకోవైపు, చూడటానికి నామవాచకాల్లా ఉండి క్రియగా పనిచేసే మాటలున్నాయి. 'షి విల్ చైర్ ది మీటింగ్' అంటే ఆమె కుర్చీ వేస్తుందని కాదు, సమావేశానికి అధ్యక్షత వహిస్తుందని. 'ది కమిటీ విల్ అడ్రస్ ది ఇష్యూ' అన్నచోట అడ్రస్ అంటే చిరునామా కాదు, సమస్యను పట్టించుకుని పరిష్కారం చూడటం. బుక్, వాటర్, టేబుల్, ఫేస్, హెడ్ ఇలా ఎన్నో మాటలు ఇంగ్లిష్‌లో రెండు పాత్రలూ పోషిస్తాయి. అందుకే మాటను విడిగా చూసి ఇది వెర్బా, నౌనా అని తేల్చలేం. వాక్యంలో అది ఏం చేస్తోందో చూడాలి.

తెలుగు వ్యాకరణమే తాళంచెవి

"సీత బజారుకు వెళ్ళి, కూరగాయలు కొని, ఇంటికి వచ్చి, వంట చేసింది." ఇందులో పనులు నాలుగు. వాక్యాన్ని ముగించే క్రియ మాత్రం ఒక్కటే, చేసింది. దాన్ని సమాపక క్రియ అన్నాం. వెళ్ళి, కొని, వచ్చి అన్నవి అసమాపక క్రియలు. "సీత బజారుకు వెళ్ళి" అని ఆపేస్తే ఎదుటివాళ్ళు "ఆఁ, వెళ్ళి?" అని అడుగుతారు. వాక్యం పూర్తికాలేదని చెవికే తెలిసిపోతుంది. క్త్వార్థకం, శత్రర్థకం, తుమున్నర్థకం అని పేర్లు బట్టీపట్టి పరీక్షలో రాసి మర్చిపోయాం. ఆ పాఠం ఇప్పుడు అక్కరకొస్తుంది.

ఇంగ్లిష్‌లోనూ ఇదే తేడా ఉంది. సమాపక క్రియను వాళ్ళు ఫైనైట్ వెర్బ్ అంటారు, అసమాపకాన్ని నాన్-ఫైనైట్ అంటారు. 'హోపింగ్ టు గెట్ ఎ జాబ్, రవి జాయిన్డ్ ఎ కోచింగ్ సెంటర్ టు ప్రిపేర్ ఫర్ బ్యాంక్ ఎగ్జామ్స్' అన్న వాక్యంలో హోపింగ్, గెట్, జాయిన్డ్, ప్రిపేర్ అని క్రియారూపాలు నాలుగు కనిపిస్తాయి. వాక్యాన్ని మోసేది జాయిన్డ్ ఒక్కటే. తెలుగులో చెప్పి చూడండి: "ఉద్యోగం వస్తుందన్న ఆశతో, బ్యాంకు పరీక్షలకు సిద్ధం కావడానికి రవి కోచింగ్ సెంటర్లో చేరాడు." చేరాడు దగ్గరే వాక్యం ముగిసింది. మిగతావన్నీ దానికి తోడు వచ్చినవే.

ఇంగ్లిష్ అసమాపక క్రియలు మూడు వేషాల్లో వస్తాయి.

మొదటిది 'టు' వేషం. టు గెట్, టు ప్రిపేర్, టు అప్లై. మన "-డానికి"కి ఇది దగ్గర. 'టు' తగిలించుకుని వచ్చిన రూపం ఎప్పుడూ వాక్యానికి అసలు క్రియ కాదు.

రెండోది 'ఇంగ్' వేషం. హోపింగ్, స్విమ్మింగ్, వెయిటింగ్. మన "-తూ", "-డం" లాంటిది. ముందు యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ లాంటి తోడు లేకుండా 'ఇంగ్' ఒంటరిగా వాక్యాన్ని నిలబెట్టలేదు. 'ఐ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై' అన్నది "నేను మీ జవాబు కోసం ఎదురుచూస్తూ" అని ఆగిపోయినట్టే ఉంటుంది.

మూడోది 'థర్డ్ ఫామ్' వేషం. సెలెక్టెడ్, రిటెన్, సెంట్. మన "ఎంపికైన", "రాసిన", "పంపిన" అనే క్రియాజన్య విశేషణాలతో సమానం. అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. ఎందుకంటే చాలా మాటలకు పాస్ట్ రూపం, థర్డ్ ఫామ్ రెండూ ఒకేలా ఉంటాయి. 'ది మెయిల్ సెంట్ ఎస్టర్‌డే కంటెయిన్స్ ది కాల్ లెటర్.' సెంట్ కనిపించగానే ఇదే క్రియ అనుకుంటే దారి తప్పాం. మెయిల్ ఎవరికీ ఏమీ పంపదు. అది "నిన్న పంపిన మెయిల్". అసలు క్రియ కంటెయిన్స్.

ఒక జాగ్రత్త. మన అసమాపకాలన్నీ ఇంగ్లిష్‌లోనూ అసమాపకాలుగానే ఉంటాయనుకోకండి. "వాన పడితే" అన్నది మనకు చేదర్థకం, అసమాపకం. ఇంగ్లిష్‌లో 'ఇఫ్ ఇట్ రెయిన్స్' అంటారు. అక్కడ రెయిన్స్ పూర్తిస్థాయి క్రియ, దానికి కర్త 'ఇట్'. ఇఫ్, వెన్, బికాజ్, దో, విచ్, హూ లాంటి మాటలు వస్తే వాటి వెంట ఇంకో సమాపక క్రియ ఉంటుందని ఎదురుచూడండి.

రెండు పరీక్షలు, పది సెకన్లు

అసలు క్రియ ఏదో అనుమానం వస్తే రెండు పరీక్షలు పెట్టండి.

ఒకటి, కాలం మార్చండి. వాక్యాన్ని నిన్నటికో రేపటికో మార్చి చదివితే ఏ మాట మారుతుందో అదే సమాపక క్రియ. పై వాక్యాన్ని భూతకాలంలోకి తెస్తే కంటెయిన్స్ కాస్తా కంటెయిన్డ్ అవుతుంది. సెంట్ కదలకుండా కూర్చుంటుంది. స్విమ్మింగ్ వాక్యంలో ఈజ్ మారి వాజ్ అవుతుంది, స్విమ్మింగ్ అలాగే ఉంటుంది.

రెండు, ప్రశ్నగా మార్చండి. ఏ మాట ఎగిరి ముందుకొస్తుందో చూడండి. మొదట చూసిన జాబితా వాక్యాన్ని ప్రశ్న చేస్తే 'హ్యాజ్' ముందుకొస్తుంది. అంటే కర్తతో సరిపోవాల్సింది అదే. కెన్, మస్ట్, షుడ్ లాంటివి కాలం పరీక్షకు లొంగకపోయినా ఈ పరీక్షకు దొరికిపోతాయి. ముందుకు దూకడానికి ఏ సహాయక క్రియా లేకపోతే డు, డజ్, డిడ్ వచ్చి చేరతాయి. 'షి వర్క్స్' ప్రశ్న అయితే 'డజ్ షి వర్క్?' వర్క్స్ చివర ఉన్న 'ఎస్' ఎక్కడికి పోయింది? డజ్‌లోకి వెళ్ళింది. అందుకే 'డజ్ షి వర్క్స్' తప్పు. ఒకే భారాన్ని ఇద్దరు మోయక్కర్లేదు.

క్రియ దొరికాక కర్తను వెతకడం తేలిక. "ఎవరు? ఏది?" అని క్రియనే అడగండి. మధ్యలో 'ఆఫ్', 'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్' తర్వాత వచ్చే పేర్లను పక్కన పెట్టండి. 'ది మినిస్టర్, అలాంగ్ విత్ హిజ్ సెక్రటరీస్, ఈజ్ కమింగ్' అన్నచోట సెక్రటరీలు ఎంతమందైనా కర్త మినిస్టరే. 'వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హ్యాజ్' అన్నచోట లెక్కలోకి వచ్చేది వన్.

ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. ఒక వాక్యంలో సమాపక క్రియలు రెండుంటే వాటిని కలిపే మాట ఒకటి ఉండాలి. మూడుంటే రెండు. 'ఐ అటెండెడ్ ది ఇంటర్వ్యూ, దే ఆస్క్డ్ మెనీ క్వశ్చన్స్' అని ఒట్టి కామాతో అతికిస్తే చెల్లదు, 'అండ్' కావాలి. 'ఐ థింక్ హి ఈజ్ రైట్' లాంటి చోట మాత్రం 'దట్' అనే మాట కనిపించకుండా దాగి ఉంటుంది.

మన తప్పులకు మూలం ఎక్కడుంది?

తెలుగువాళ్ళు ఇంగ్లిష్‌లో చేసే తప్పులు తెలివితక్కువతో వచ్చినవి కావు. వాటికి కారణాలున్నాయి. కారణం తెలిస్తే దిద్దుకోవడం సులువు.

తెలుగులో క్రియ లేకుండానే వాక్యం కుదురుతుంది. "ఆమె డాక్టరు." "మాది నల్గొండ." "మా నాన్న రైతు." ఎక్కడా క్రియ లేదు, అయినా నిండు వాక్యాలే. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఇంటర్వ్యూల్లో వినిపించే 'మైసెల్ఫ్ రమేష్, ఫ్రమ్ నల్గొండ, మై ఫాదర్ ఫార్మర్' అన్న పరిచయం మన క్రియ లేని వాక్యాలకు ఇంగ్లిష్ చొక్కా తొడగడమే. 'ఐ యామ్ రమేష్. ఐ యామ్ ఫ్రమ్ నల్గొండ. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్' అనాలి. చేర్చాల్సింది యామ్, ఈజ్ లాంటి చిన్న చిన్న మాటలే. మొదటి నిమిషంలోనే ఎదుటివాళ్ళ అభిప్రాయాన్ని మార్చేది అవే.

దీనికి విరుగుడుగా మరో తప్పు మొదలవుతుంది. 'ఐ యామ్' అంటే "నేను" అని మనసులో ముద్ర పడిపోయి, ప్రతి వాక్యానికీ అదే తగిలిస్తాం. 'ఐ యామ్ కంప్లీటెడ్ మై బీటెక్', 'ఐ యామ్ అగ్రీ'. "నేను" అంటే 'ఐ' ఒక్కటే. 'యామ్' విడిగా ఒక క్రియ. పక్కన కంప్లీటెడ్, అగ్రీ అని సొంతంగా నిలబడగల క్రియ ఉన్నప్పుడు యామ్‌కి అక్కడ పనిలేదు. 'ఐ కంప్లీటెడ్', 'ఐ అగ్రీ' చాలు.

'డిడ్ నాట్ వెంట్' సంగతి ఇంకా ఆసక్తికరం. తెలుగులో నేను వెళ్ళాను, ఆమె వెళ్ళింది, వాళ్ళు వెళ్ళారు అంటాం. కాదనాల్సి వస్తే? నేను వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. ఆను, ఇంది, ఆరు అన్నీ ఎగిరిపోయి "వెళ్ళ" అనే మూలరూపం మిగిలింది, భారమంతా "లేదు" మోసింది. ఇంగ్లిష్‌లో 'డిడ్ నాట్ గో' సరిగ్గా ఇదే. గతకాలపు భారం డిడ్ మోస్తే గో మూలరూపంలో ఉండిపోతుంది. 'డిడ్ నాట్ వెంట్' అనడమంటే "వెళ్ళాను లేదు" అనడమే. తెలుగులో మనం కలలో కూడా అలా అనం.

'షి గో' అన్నదీ అంతే. "ఆమె వెళ్తాను" అని ఎవరైనా అంటే నవ్వుతాం. కర్తను బట్టి క్రియను మార్చడంలో ఇంగ్లిష్ వాళ్ళకంటే మనకే అలవాటెక్కువ. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాం, వెళ్తారు అని ఇన్ని రూపాలు తడుముకోకుండా పలికే నోటికి, గో పక్కన గోస్ ఒక్కటి కష్టమా?

ఇక స్థానం. మన క్రియ చివర్లో వస్తుంది, అందుకే వాక్యం చివరిదాకా ఆగి వినడం మనకు అలవాటు. ఇంగ్లిష్‌లో మామూలుగా కర్త వెంటనే క్రియ రావాలి. పొడవైన వాక్యం చదివేటప్పుడు చివరికి పరుగెత్తకుండా, కర్త దాటగానే క్రియ కోసం చూడటం నేర్చుకోవాలి.

కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఏం చేయాలి?

ఇంగ్లిష్ అనగానే 12 టెన్స్‌ల పట్టిక గోడకి తగిలించడం మన దగ్గర ఆనవాయితీ. పట్టిక తప్పు కాదు. క్రియ ఎక్కడుందో గుర్తుపట్టలేని విద్యార్థికి అది ఏ టెన్సో అడగడం మాత్రం, ఊరు తెలియనివాడిని వీధి పేరు అడిగినట్టు ఉంటుంది. కోచింగ్ సెంటర్లు మొదటి రోజే షార్ట్‌కట్లు చెప్పడం మాని, మొదటి వారం మొత్తం క్రియ గుర్తింపుకే కేటాయించాలి. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ శిక్షణ చివరి సంవత్సరంలో హడావుడిగా మొదలవుతోంది. మొదటి ఏడాదే రోజుకు పావుగంట ఈ అభ్యాసం చేయిస్తే ఖర్చు లేదు, కంప్యూటర్ ల్యాబూ అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యంగా, తెలుగు మాస్టారూ ఇంగ్లిష్ మాస్టారూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. సమాపక, అసమాపక క్రియలు ఒక పీరియడ్‌లో, ఫైనైట్, నాన్-ఫైనైట్ ఇంకో పీరియడ్‌లో, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు చెప్పడం వల్ల పిల్లలు ఒకే సంగతిని రెండుసార్లు బట్టీపట్టి రెండుసార్లూ మర్చిపోతున్నారు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు దాన్ని లోటుగా చూసుకుంటున్నారు. వాళ్ళ చేతిలో ఉన్న పనిముట్టు అదేనని చెప్పాల్సింది గురువులే.

రేపటి నుంచి మీరు చేయాల్సింది

రోజుకు పది వాక్యాలు. ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ నుంచో, పాత ప్రశ్నపత్రం నుంచో తీసుకోండి. హెడ్డింగులు మాత్రం వద్దు. వాటిలో స్థలం కోసం ఈజ్, వర్ లాంటివి ఎత్తేస్తారు. 'త్రీ హెల్డ్ ఇన్ చీటింగ్ కేస్' అంటే ముగ్గురు పట్టుకున్నారని కాదు, ముగ్గురిని పట్టుకున్నారని. 'కోర్ట్ టు హియర్ ప్లీ టుడే' అన్నచోట 'టు' రాబోయే కాలాన్ని చెబుతుంది. వాటితో మొదలుపెడితే అలవాటు చెడుతుంది.

ప్రతి వాక్యంలో సమాపక క్రియ కింద గీత గీయండి. కర్తకు సున్నా చుట్టండి. టు, ఇంగ్, థర్డ్ ఫామ్ వేషగాళ్ళను బ్రాకెట్లో పెట్టండి. కాలం మార్చి ఒకసారి గట్టిగా చదవండి. పది వాక్యాలకు పావుగంట పడుతుంది. నెల తిరిగేసరికి 300 వాక్యాలు మీ చేతి కింద నుంచి వెళ్తాయి. అప్పుడు గీత గీయక్కర్లేదు, కన్నే వెళ్ళి క్రియ మీద వాలుతుంది.

దీనితోనే ఇంగ్లిష్ మొత్తం వచ్చేస్తుందని కాదు. పదసంపద పెంచుకోవాలి, ఉచ్చారణ దిద్దుకోవాలి, నలుగురిలో మాట్లాడే ధైర్యం తెచ్చుకోవాలి. కానీ "ఇంగ్లిష్ రాదు" అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "క్రియ దగ్గర తడబడుతున్నాను" అనుకుంటే సాయంత్రానికే మొదలుపెట్టొచ్చు. మొదటిది తీర్పు, రెండోది పని. ఉద్యోగం కోసం తిరిగేవాళ్ళకు కావాల్సింది పనే.